రెండు ముడుల సీసా

సాయంత్రం నాలుగింటికి లక్ష్ముడు పోర్ట్ బ్లెయిర్‌లో మేజిస్ట్రేటు ముందు నిలబడి, బావమరిది కన్నారావుని నీళ్లలోకి తోసి చంపింది తనేనని ఒప్పుకోబోతున్నాడు. ఇప్పుడు పదీ ఇరవై. ఇన్‌స్పెక్టర్ గణేశ్వరరావు బడానాలా డ్యామ్ గట్టు మీద స్కూటరు ఆపి, కాసేపు దిగకుండా అలాగే కూర్చున్నాడు. దిగితే మోకాలు పీకుతుంది. దిగకపోతే పని కాదు. రెండు నెలల్లో రిటైరయ్యేవాడికి ఈ తద్దినం ఎందుకని పొద్దున ఇంట్లో అడిగారు. తనూ తనని అడిగి చూసుకున్నాడు. జవాబు దొరక్క బయలుదేరి వచ్చేశాడు.

అసలీ కేసు అతనిది కాదు, ఇన్‌స్పెక్టర్ రమణయ్యది. ఆదివారం పొద్దున ఈ డ్యామ్‌లో కన్నారావు శవం తేలింది. ఆ సాయంత్రమే మాయాబందర్ నుంచి వచ్చిన బోటు దిగుతుంటే లక్ష్ముడిని జెట్టీ మీదే పట్టుకున్నారు. సోమవారానికల్లా కేసు తేలిపోయిందని రమణయ్య పైవాళ్లకి చెప్పేశాడు. ఇవాళ మంగళవారం. ఎస్పీగారికి ఎక్కడో చిన్న అనుమానం తగిలి, "నువ్వూ ఒకసారి చూసి రావయ్యా, నాలుగు లోపల" అన్నాడు. ఆ ఒక్క మాట తప్ప గణేశ్వరరావు చేతిలో ఆర్డరు కాగితమంటూ ఏమీ లేదు.

పైకి చూస్తే వంక పెట్టడానికి లేని కేసు. గురువారం సాయంత్రం ఈ గట్టు మీద బావా బావమరదులు గట్టిగా అరుచుకున్నారు. లక్ష్ముడే ఆ మాట ఒప్పుకున్నాడు. డ్యామ్ ఆపరేటరు గవరయ్య, లక్ష్ముడు తోయడం కళ్లారా చూశానని రాసిచ్చాడు. శవం చేతి గడియారం అయిదూ ఇరవై దగ్గర ఆగింది. అదే రాత్రి తొమ్మిదికి లక్ష్ముడు మాయాబందర్ బోటెక్కాడు. పారిపోయాడని రమణయ్య అంటాడు, వేట పనికి వెళ్లానని లక్ష్ముడు అంటాడు. డాక్టరేమో శవం నీళ్లలో ఒక రోజైనా ఉండొచ్చు, మూడైనా ఉండొచ్చు అని చేతులు దులుపుకున్నాడు. అంటే కన్నారావు గురువారం పోతే లక్ష్ముడు హంతకుడు. తర్వాత ఏ రోజు పోయినా, లక్ష్ముడు నలభై మంది మధ్య మాయాబందర్‌లో ఉన్నాడు. కేసంతా ఒక్క రోజు తేడా మీద నిలబడి ఉంది.

గట్టు మెట్ల మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. గణేశ్వరరావుని చూసి లేచి నిలబడింది. లక్ష్ముడి భార్య, చచ్చిపోయిన కన్నారావుకి అక్క, కాళమ్మ. నిన్న తమ్ముడిని తగలబెట్టి, ఇవాళ మొగుడి కోసం వచ్చింది. కళ్లు ఎండిపోయి ఉన్నాయి.

"బ్రూక్షాబాద్ నుంచి ఎప్పుడొచ్చావమ్మా?"

"మొదటి బస్సుకే ఒచ్చీసినాను బాబూ. మీరొత్తారని స్టేషన్‌లో ఎవరో అన్నారు."

"లక్ష్ముడు ఎందుకు ఒప్పుకుంటున్నాడు?"

"ఒప్పుకుంటే ఏదో పొరపాటున అయిందని రాత్తారంట. ఒప్పుకోకపోతే నన్ను కూడా లోపలెడతారంట. ఆడు నా కోసం ఒప్పేసుకుంటన్నాడు బాబూ." కొంగుతో మూతి తుడుచుకుని మళ్లీ అంది. "గురువారం నాడు నా తమ్ముడు పడవెక్కనేదు. ఎక్కడు. అమాస కదా ఆ రోజు. అమాస నాడు మా ఇంట్లో పడవ నీళ్లల్లోకి దింపరు. మా అయ్య దింపనేదు, మా తాత దింపనేదు. ఆడికి గవర్నమెంటు జీతం ఒచ్చినా సరే, ఆ ఒక్కటీ తప్పడు."

"మరి గురువారం గొడవ దేనికి?"

"ఈ నీళ్ల ఉద్యోగం ఒగ్గేసి వేటకి రమ్మని నా మొగుడు, రానని నా తమ్ముడు. ఏడాదిగా అదే గోల. అరుసుకుని, మళ్లీ ఒకే పళ్లెంలో తిన్నారు."

గణేశ్వరరావు తల ఊపాడు. అమావాస్య పట్టింపు మంచి మాటే. కోర్టులో మాత్రం అది కానీ విలువ చెయ్యదు. అతని తండ్రి కూడా భీమిలి దగ్గర నుంచి వలలు మోసుకొచ్చి ఈ దీవుల్లో దిగినవాడే. ఆ ఇంట్లోనూ ఇలాంటి పట్టింపులు బోలెడు ఉండేవి. కాళమ్మ మాట అతను నమ్మాడు. నమ్మడం ఒకటి, రుజువు చెయ్యడం ఒకటి.

గవరయ్య గేటు గది ముందు బల్ల వేసి టీ పెట్టాడు. యాభై దాటినవాడు, డ్యామ్ కట్టినప్పటి నుంచీ ఇక్కడే పని. అతని తండ్రి చౌల్దారీ ఊళ్లో సర్కారిచ్చిన పొలంలో నాగలి పట్టిన సెట్లరు. సముద్రంతో ఆ ఇంటికి పొత్తు లేదు. గ్లాసు అందిస్తుంటే టీ బల్ల మీద ఒలికింది.

"గురువారం ఏం చూశావో చెప్పు."

"అంతా రాసిచ్చేశాను కదా సాబ్. రమణయ్య సాబ్ దగ్గర ఉంది."

"చదివే ఓపిక లేదు. నోటితో చెప్పు."

"తూము దగ్గర డింగీ పడవలో ఇద్దరూ ఉన్నారు. ఝగడా పడ్డారు. లక్ష్ముడు తోసేశాడు. అయిదూ ఇరవై అయింది."

"టైము ఎలా తెలుసు?"

"గదిలో గోడ గడియారం ఉంది సాబ్. చూశాను."

"గది కిటికీ రోడ్డు వైపుంది. గదిలో ఉన్నవాడికి డింగీ కనపడదు."

"బయటికొచ్చి చూశాను."

"ముందు గడియారం చూసుకుని, తర్వాత బయటికొచ్చి, మనిషిని చంపడం చూశావు." గణేశ్వరరావు టీ ఒక గుటక తాగాడు. మరీ తియ్యగా ఉంది. "సరే. చూశాక స్టేషన్‌కి ఫోను ఎందుకు చెయ్యలేదు?"

"చేద్దామనే అనుకున్నాను సాబ్. వానకి లైను పడిపోయింది."

"వాన ఎప్పుడు మొదలైంది?"

గవరయ్య బల్ల మీద ఒలికిన టీ తుడవడం మొదలెట్టాడు. గురువారం రాత్రి పదకొండున్నరకి కురవడం మొదలై, శనివారం తెల్లారుజాము దాకా వదలకుండా దంచికొట్టిన ఆ తొలి వాన దక్షిణ అండమాన్‌లో పసిపిల్లలకి కూడా గుర్తుంది.

"భయమేసింది సాబ్," అన్నాడు చివరికి. "గరీబ్ ఆద్మీని. పోలీసులంటే భయం."

"తూము షట్టరు ఎప్పుడు ఎత్తావు?"

ఈసారి జవాబు చాలా త్వరగా వచ్చింది. "ఏప్రిల్ మొదట్లో. ఆ తర్వాత ముట్టుకోలేదు. నీళ్లు తక్కువున్నాయని ఆర్డరు లేదు."

గేటు గది గుమ్మం పక్కన పాత ఇత్తడి గంట వేలాడుతోంది. షట్టరు ఎత్తే ముందు మూడుసార్లు గంట కొట్టి, నీళ్లలో మనుషులెవరూ లేరని చూసుకోవాలని గోడ మీద హిందీలో రాసి ఉంది. గణేశ్వరరావు గంట కిందికి వంగి లోపలికి చూశాడు. నాలుక చుట్టూ మట్టి కందిరీగ గూడు కట్టింది. గట్టిపడి, ఎక్కడా పెచ్చు ఊడకుండా ఉంది. నెల దాటి ఎవరూ తాడు లాగలేదు. షట్టరు ఎత్తకపోతే గంటెందుకు కొడతారు, గవరయ్య చెప్పింది నిజమే కాబోలు. ఈ ఒక్కటైనా కుదిరినందుకు సంతోషించాలో విసుక్కోవాలో అతనికి తెలియలేదు.

డ్యామ్ పక్కన రేకుల షెడ్డు ఉంది. కన్నారావు అందులోనే ఉండి పని చేసేవాడు. పదిహేను రోజులకోసారి వచ్చి, డింగీలో మూడు చోట్లకి వెళ్లి, సన్నని గుడ్డ వల లాగి, నీటిలో తేలే నాచుని సీసాల్లో పట్టడం అతని ఉద్యోగం. ఆ సీసాలు పోర్ట్ బ్లెయిర్ ల్యాబుకి వెళ్తాయి. అక్కడ వాటిని మైక్రోస్కోపులో చూసి లెక్కలు కట్టే అమ్మాయి యర్రమ్మ. ఇవాళ ల్యాబు జీపులో కన్నారావు సామాను సర్దుకుపోవడానికి వచ్చింది. ఆమె బల్ల మీద తను తెచ్చిన చిన్న మైక్రోస్కోపు పక్కన మూడు సీసాలు వరసగా పెట్టుకుని కూర్చుంది.

"ఇవి ఎక్కడివి?" అన్నాడు గణేశ్వరరావు.

"కన్నారావు డింగీలో పెట్టెలో ఉన్నాయంట సార్. ఆదివారం పోలీసులు ఇక్కడ పడేసి వెళ్లారు. చీటీలు తడిసి ఊడిపోయాయి. ఏ తారీఖువో తెలీదు." ఆమె మూడో సీసా ముందుకి జరిపింది. "ఇదొక్కటి తేడాగా ఉంది. నీళ్లు పట్టగానే అయొడిన్ చుక్కలు వెయ్యాలి. నాచు కుళ్లకుండా. రెండిట్లో వేశాడు. దీంట్లో వెయ్యలేదు. వాసనొస్తోంది చూడండి. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా మర్చిపోలేదు సార్ వాడు."

"మూడో సీసా ఎక్కడ పడతాడు?"

"తూము దగ్గర. ఎప్పుడూ అదే ఆఖరు."

గణేశ్వరరావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మోకాలి నొప్పి కాసేపు మర్చిపోయాడు. తూము దగ్గర నీళ్లు పట్టాడు. అయొడిన్ వేసే లోపల ఏదో జరిగింది. సీసాని చేతిలోకి తీసుకుని చూశాడు. మెడకి నూలు తాడు కట్టి ఉంది, తాడుకి రెండు ముడులు. మిగతా రెండు సీసాలూ తిప్పి చూశాడు. వాటికీ రెండేసి ముడులు.

అతని వేళ్లు ఆ ముడుల మీదే ఆగిపోయాయి. వాళ్లమ్మ గుమ్మానికి ఒక తాడు వేలాడదీసేది. రోజుకో ముడి వేసేది. పోటెప్పుడొస్తుందో, పాటెప్పుడు తీస్తుందో తిథిని బట్టి లెక్క కాబట్టి, చదువు రాని ఆ మనిషికి ఆ తాడే పంచాంగం. నలభై ఏళ్లయింది ఆ తాడు చూసి.

"కాళమ్మా, ఇలా రా."

ఆమె గుమ్మం దగ్గరికి వచ్చింది. సీసాల వంక చూడగానే ముఖం మారిపోయింది. అడక్కుండానే చెప్పింది.

"ఆ తాళ్లు నానే కట్టిచ్చినాను బాబూ. ఆడికి హిందీ రాయడమొచ్చు, తెలుగు రాదు. చీటీ మీద ఇంగ్లీసు తారీఖు ఏత్తాడు గానీ, తిథి తప్పిపోతాడు. తిథి తెలిత్తే పోటు తెలుత్తాది, ఇంటికొచ్చి మావోళ్లతో వేటకెళ్లొచ్చని. ఒచ్చేటప్పుడు కట్ట కట్టి ఇత్తాను. అమాసకి ముడి నేదు, ఉత్త తాడు. ఒకటి పాడ్యమి. రెండు విదియ."

"గురువారం అమావాస్య అయితే, విదియ ఎప్పుడు?"

"శనివారం," అంది కాళమ్మ. చెప్పాక, ఆ మాటకి అర్థమేమిటో తెలిసి, గుమ్మం పట్టుకుని అక్కడే కూలబడింది. "శనివారం దాకా బతికే ఉన్నాడా నా తమ్ముడు?"

గణేశ్వరరావు లేచి తన కుర్చీ ఆమె వైపు జరిపాడు. యర్రమ్మ వైపు తిరిగాడు. "ముడులు నేను నమ్ముతాను. కోర్టు నమ్మదు. నీ మైక్రోస్కోపు ఏమైనా చెప్తుందా అమ్మాయ్?"

యర్రమ్మ మూడో సీసాలోంచి ఒక చుక్క గాజు పలక మీద వేసి, మైక్రోస్కోపు అద్దాన్ని కిటికీ వెలుతురుకి తిప్పి, చాలాసేపు చూసింది. తర్వాత అతన్ని కూడా చూడమంది. అతనికి మట్టి రేణువులూ, మధ్యలో సన్నటి గాజు పుల్లల్లాంటివీ కనిపించాయి.

"ఈ డ్యామ్ చుట్టూ పొలాలు, పశువుల కొట్టాలు సార్. ఎరువు, పేడ అంతా ఇందులోకే. నీళ్లకి బలమెక్కువ. జనవరి నుంచి వానలు పడేదాకా నీళ్లు కదలవు. ఎండకి పచ్చనాచు పెరిగి పైన తెట్టు కట్టేస్తుంది. గురువారం పగటి దాకా ఇక్కడ అదే. ఆ తెట్టు తప్ప వేరేది కనపడదు." ఆమె గాజు పలక వైపు చూపించింది. "ఈ పుల్లలు డయాటములు. వాగుల్లో రాళ్లకి పట్టి పెరిగే రకం. వాగులు పారితేనే డ్యామ్‌లోకి వస్తాయి. ఈ నాలుగేళ్లలో ఎండాకాలం సీసాల్లో ఈ రకం ఒక్కటీ నేను చూడలేదు. వానకి తెట్టు చెదిరిపోయి, మట్టీ ఇవీ వచ్చాయి. వాగులు ఎప్పుడు పారాయి?"

"గురువారం అర్ధరాత్రి తర్వాత."

"మరి గురువారం సాయంత్రం చచ్చిపోయినవాడు ఈ నీళ్లు పట్టలేడు సార్."

"ఈ మాట రాసిస్తావా?"

"రాసిస్తాను. జీపుంది. నేనే వచ్చి చెప్తాను." ఆమె సామాను వంక చూసి ఆగింది. "వల మాత్రం దొరకలేదు సార్. దాని చివర ఇత్తడి గిన్నె ఉంటుంది, అరచేతిలో పట్టేంత. అదీ లేదు."

పన్నెండున్నరకి రమణయ్య జీపు వచ్చింది. మనిషి ఇస్త్రీ చెదరకుండా దిగాడు. మూడేళ్ల కిందట కాకినాడ వైపు నుంచి వచ్చినవాడు. ఈ దీవుల్లో ఎప్పుడైనా ఓడ ఎక్కిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టుంటాడు.

"గణేశ్వరరావు గారూ, నా కేసులో మీకేం పని?"

"టీ తాగడానికి వచ్చాను. కన్నారావు శనివారం దాకా బతికున్నాడు రమణయ్య గారూ. నాలుగింటి వ్యవహారం ఆపండి."

"ఎవరు చెప్పారు?"

"సీసాలు."

ముడుల సంగతి, డయాటముల సంగతి అంతా విన్నాడు రమణయ్య. వింటున్నంతసేపూ చేతి రుమాలు మడత పెడుతూనే ఉన్నాడు. "ఒక తాడు, కాస్త పాచి. వీటితో కళ్లారా చూసిన సాక్షిని పక్కన పెట్టమంటారు. ఈ సీసాలు తర్వాత ఎవరైనా నింపి ఉండొచ్చు. ముడులు ఈవిడే వేసి ఉండొచ్చు. మొగుణ్ణి కాపాడుకోవాలి కదా."

"ఆదివారం పొద్దున మీ పంచనామాలో 'సీసాలు మూడు, మెడకి ముడుల తాళ్లు' అని మీరే రాశారు. ఈవిడ ఇక్కడికొచ్చింది ఆదివారం సాయంత్రం."

రమణయ్య రుమాలు జేబులో పెట్టుకున్నాడు. "గడియారం అయిదూ ఇరవైకి ఆగింది. దానికేమంటారు? పొద్దున అయిదూ ఇరవైకి చీకట్లో ఎవడైనా పడవెక్కుతాడా?"

"మీరు పొద్దున ఎన్నింటికి లేస్తారు?"

"ఏడింటికి. దానికీ దీనికీ ఏమిటి?"

"మూడేళ్లలో ఒక్క పొద్దూ మీరు చూడలేదన్నమాట. ఇక్కడ మే నెలలో అయిదింటికల్లా ఎండొచ్చేస్తుంది. అయిదూ ఇరవైకి సూదిలో దారం ఎక్కించొచ్చు. కన్నారావు పనికి దిగే టైమే అది. మీరు ఆ గడియారం చూసి సాయంత్రమనుకున్నారు. గవరయ్య ఔనన్నాడు. ముందు మీరన్నారా, అతనన్నాడా, గుర్తు చేసుకోండి."

రమణయ్య ముఖం కందిపోయింది. గుర్తొచ్చిందని గణేశ్వరరావుకి అర్థమైంది. ఒప్పుకోడనీ అర్థమైంది. నిన్ననే పైవాళ్లకి చెప్పేసిన మాట వెనక్కి తీసుకోవడం ఏ వయసువాడికైనా కష్టమే.

"నాలుగింటికి వాడు స్టేట్‌మెంటిస్తాడు," అన్నాడు రమణయ్య. "మీకు చెప్పాల్సింది ఉంటే అక్కడికొచ్చి చెప్పండి. ఈ పెట్టె కేసు సొత్తు, నేను తీసుకుపోతున్నాను." పెట్టె మూత వేసి చంకన పెట్టుకుని జీపెక్కాడు. పెట్టెలో ఉన్నవి రెండే సీసాలు. మూడోది మైక్రోస్కోపు పక్కన కిటికీలో ఉంది. తను రాసిన లెక్క తనే మర్చిపోయాడు పాపం.

జీపు వెళ్లాక గణేశ్వరరావు ఆ సీసాని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రమణయ్య చేతికి పోయిన రెండూ కోర్టు దాకా చేరతాయని అతనికి నమ్మకం లేదు. ఇక మిగిలింది ఇదొక్కటే.

ఇప్పుడే బయలుదేరొచ్చు. రెండున్నరకి కదిలినా నాలుగు లోపల అందుకుంటారు. కానీ శనివారం కన్నారావు ఎలా పోయాడో చెప్పకపోతే, గవరయ్య మాటకే బరువుంటుంది. మనిషి తూము దగ్గర పోయాడు. వల లేదు. యర్రమ్మని కాగితం రాస్తూ ఉండమని, కాళమ్మని వెంటబెట్టుకుని గట్టు అవతలికి దిగాడు. ఒంట్లో ఓపిక అడుగంటింది. ఈ ఒక్కటీ చూసి పోదాం అని తనకి తనే నచ్చచెప్పుకున్నాడు.

తూము నుంచి నీళ్లు బయటపడే కాలవ గట్టుకి కింద ఉంది. రెండు వైపులా తొమ్మిదడుగుల రాతి గోడలు, దిగడానికి గోడలో ఇనుప మెట్లు. కాలవ ఖాళీగా ఉంది. కాళమ్మని పైనే ఉండమని, మెట్టుకో మూలుగు మూలుగుతూ దిగాడు.

అడుగున చెయ్యి మందాన బురద పేరుకుని ఉంది. ఎర్రమట్టి బురద. పైన ఎండి పగుళ్లు తీస్తోంది. ఒక పెచ్చు లేపి చూశాడు. దాని అడుగున, రాతికి అంటుకుని, ఎండిపోయిన పచ్చటి పొర ఉంది. గోడల మీద కూడా మోకాలెత్తు దాకా అదే వరస. అడుగున పచ్చన, పైన ఎరుపు.

అతను అలాగే వంగి నిలబడిపోయాడు. ఏప్రిల్‌లో వదిలిన నీళ్లు పచ్చనాచు నీళ్లు. ఆ పచ్చ అలాగే ఎండింది. దాని మీద ఈ ఎర్రమట్టి నీళ్లు పారాయి. ఎర్రనీళ్లు డ్యామ్‌లోకి వచ్చిందే వాన తర్వాత. అంటే వాన పడ్డాక షట్టరు ఎత్తారు. గంట మాత్రం కొట్టలేదు.

తూము నోటి దగ్గర బురదంతా చేతులతో గంటకి పైగా వెతికాడు. ఆఖరికి ఒక మూల వేళ్లకి ఏదో గట్టిగా తగిలింది. లాగితే, చిన్న ఇత్తడి గిన్నె వచ్చింది, అరచేతిలో పట్టేంత. దానికి అంగుళం మేర సన్నని గుడ్డ చింకి అంటుకుని ఉంది.

అంతా ఒక్కసారిగా అర్థమైంది. అర్థమయ్యాక ఒళ్లు మరింత బరువెక్కింది. ఇందులో హంతకుడే లేడు. రెండు రోజుల వానకి డ్యామ్ నిండుకొస్తుంటే, శనివారం పొద్దున నిద్రమత్తులో గవరయ్య కంగారుపడి షట్టరు ఎత్తాడు. గంట కొట్టలేదు, నీళ్లు చూసుకోలేదు. తూము మీద కన్నారావు సీసా నింపి, అయొడిన్ కోసం చెయ్యి చాపుతున్నాడు. తూములోకి దూకే నీళ్లు వలని లాగేశాయి, మనిషినీ లాగేశాయి. లోపలి ఇనుప కమ్మీలకి మనిషి ఆగిపోయాడు, గిన్నె మాత్రం కమ్మీల సందులోంచి ఇవతలికి వచ్చింది. ఉద్యోగం పోతుందని, జైలు పడుతుందని గవరయ్య నోరు మూసుకున్నాడు. రమణయ్య వచ్చి సాయంత్రమా అంటే ఔనన్నాడు, లక్ష్ముడా అంటే ఔనన్నాడు. ఒక పిరికివాడి రెండు ఔనులకి ఒక మనిషి ఉరికంబం దాకా వచ్చాడు. కోపం రావాల్సిన చోట గణేశ్వరరావుకి నీరసం వచ్చింది.

"బాబూ," అంది పైనుంచి కాళమ్మ. ఆమె గొంతు వేరుగా ఉంది. "గేటు గదిలో ఆడు ఇటే సూత్తన్నాడు."

గణేశ్వరరావు తలెత్తాడు. గట్టు మీద గేటు గది గుమ్మంలో గవరయ్య నిలబడి ఉన్నాడు. గణేశ్వరరావు చేతిలో మెరుస్తున్న ఇత్తడి గిన్నె వంకే చూస్తున్నాడు. తర్వాత గవరయ్య వెనక్కి తిరిగి గదిలోకి వెళ్లిపోయాడు.

"గవరయ్యా, ఆగు. నువ్వు కావాలని చెయ్యలేదని నాకు తెలుసు. ఆ మాట నేనే చెప్తాను."

జవాబుగా గదిలో షట్టరు ఎత్తే ఇనుప చక్రం కిర్రుమంది. తూము లోపల ఎక్కడో ఏదో కదిలి, కాళ్ల కింద రాయి అదిరింది. శనివారం జరిగింది పొరపాటు. ఇది పొరపాటు కాదు.

అతను మెట్ల వైపు పరిగెత్తబోయాడు. బురదలో బూటు కూరుకుపోయి మోకాలు ముడుచుకుంది. మొదటి నీళ్లు పాదాల్ని కొట్టాయి, ఎర్రగా, చల్లగా. జేబులోంచి సీసా తీసి రుమాల్లో చుట్టాడు.

"కొంగు పట్టు."

కాళమ్మ గోడ అంచుకి వచ్చి కొంగు చాపింది. పైనుంచి వలలు అందుకునే ఇంట పుట్టిన మనిషి. సీసా తిన్నగా వచ్చి కొంగులో పడింది.

"రెండూ ఇరవై అయింది. యర్రమ్మ జీపెక్కు. మేజిస్ట్రేటు చేతిలో పెట్టు, రమణయ్యకి ఇవ్వకు. పో. నన్ను చూడకు."

నీళ్లు నడుము దాకా వచ్చాయి. అతను మూడో మెట్టు పట్టుకుని వేలాడాడు. చేతులకి పట్టు దొరకడం లేదు. గిన్నె ఎప్పుడు జారిపోయిందో తెలియలేదు. కళ్లలోకి కొట్టే నీళ్ల సందుల్లోంచి, కాళమ్మ సీసాని కొంగులో మూట కట్టి నడుముకి దోపుకోవడం చూశాడు. ఆమె షెడ్డు పక్కన ఆగి ఉన్న జీపు వైపు చూసింది. ఒక్క క్షణం. ఆమె మొగుడి ప్రాణం అటు ఉంది. తర్వాత కిందికి, ఎర్రనీళ్లలో వేలాడుతున్న ముసలి పోలీసు వంక చూసింది. తమ్ముడు పోయిన నీళ్లు అవే.

ఆమె జీపు వైపు వెళ్లలేదు. చీర కుచ్చెళ్లు పైకి దోపి, గేటు గది మెట్లెక్కి పరిగెత్తింది.

"వద్దు కాళమ్మా, అటు పోకు," అని అరిచాడు గణేశ్వరరావు. నీళ్ల హోరులో ఆ అరుపు అతనికే వినపడలేదు.

వినపడింది గంట. కందిరీగ గూడు పగిలి మట్టి రాలుతున్న బొంగురు చప్పుడుతో, నెల దాటి మూగగా ఉన్న ఆ ఇత్తడి గంట మోగింది. షెడ్డులో ఉన్న యర్రమ్మకి వినపడుతుంది. డ్రైవరుకి వినపడుతుంది. మూడుసార్లు కొడితే నీళ్లలో మనుషులున్నారేమో చూసుకోవాలని కాళమ్మకి తెలుసు, గోడ మీదే రాసి ఉంది. నీళ్లు గడ్డం దాకా వచ్చిన గణేశ్వరరావు మెట్టుని రెండు చేతులా కావలించుకుని లెక్కపెట్టాడు. ఒకటి.

రెండు.

నీళ్ల సందుల్లోంచి, గుమ్మంలో గవరయ్య ఆమె చేతిలోని తాడు లాక్కోవడం కనిపించింది. మూడోది మోగలేదు.